కెప్టెన్ స్ట్రక్ ముందు రెండే దారులు

1970. వియత్నాంలో పనిచేస్తున్న అమెరికా వైమానిక దళం నర్సు కెప్టెన్ సూసన్ స్ట్రక్ నెల తప్పింది. కడుపు తీయించుకుంటావా, యూనిఫాం విప్పుతావా అన్నారు పైవాళ్లు. బయట చాలా రాష్ట్రాల్లో గర్భస్రావం అప్పటికి నేరం. సైనిక ఆసుపత్రిలో మాత్రం అది కొలువు నిలబెట్టే మందు!

స్ట్రక్ క్యాథలిక్. గర్భస్రావానికి ఒప్పుకోలేదు, ఉద్యోగమూ వదలనంది. కూడబెట్టుకున్న సెలవుల్లోనే ప్రసవిస్తాను, బిడ్డను దత్తతకిస్తాను, తిరిగి డ్యూటీలో చేరతాను అని వైమానిక దళం బోర్డు ముందు చెప్పుకుంది. బోర్డు వినలేదు. డిసెంబరులో బిడ్డ పుట్టింది, అన్నట్టే దత్తతకిచ్చింది. అయినా ఉద్వాసన ఉత్తర్వు పోలేదు. కోర్టు స్టేలతోనే ఆమె ఉద్యోగం గడిచింది. బిడ్డకు తండ్రి అయిన మగ అధికారిని ఎవరూ ఇంటికి పంపరు కదా?

కేసు లాయరు రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ చేతికొచ్చింది. 1972లో సుప్రీంకోర్టు విచారణకు తీసుకోగానే వైమానిక దళం ఉత్తర్వు వెనక్కి తీసుకుంది. ఓడిపోయే కేసు నడపడం దేనికి? ఇంకేదైనా అన్యాయం మిగిలి ఉంటే కేసు బతుకుతుందని లాయరమ్మ ఆశ. పైలట్ కావాలని ఉండేదంది స్ట్రక్. ఆ రోజుల్లో వైమానిక దళం ఆడవాళ్లకు ఆ శిక్షణే ఇచ్చేది కాదు. ఇద్దరూ నవ్వుకున్నారు. కేసు అక్కడితో ఆగింది. కని తీరాలని కట్టడి చేసినా, కనొద్దని కట్టడి చేసినా నిర్ణయం లాక్కున్నట్టేనని చెప్పడానికి ఇంత మంచి కేసు గిన్స్‌బర్గ్‌కు మళ్లీ దొరకలేదు.

ఆ కేసు నలుగుతుండగానే 1971లో మన పార్లమెంటు గర్భస్రావ చట్టం చేసింది. 1972 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇక్కడి యూనిఫాం సంగతికి భిలాయినే తీసుకోండి. అక్కడి ఉక్కు కర్మాగారానికి కాపలా కాసే సీఐఎస్‌ఎఫ్‌లో ఆడవాళ్లూ ఉన్నారు. బీఎస్‌ఎఫ్‌కూ ఆ ఊళ్లో స్థావరం ఉంది. ఈ జవాన్లకూ, జవాన్ల భార్యలకూ ఆ చట్టమే వర్తిస్తుంది. 2021 సవరణ తర్వాత 20 వారాల వరకు ఒక్క వైద్యుడి అభిప్రాయం చాలు. కొన్ని వర్గాలకు, ఇద్దరు వైద్యులు ఒప్పుకుంటే, 24 వారాల దాకా వీలుంది. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి మొగుడి సంతకం అక్కర్లేదు. అడిగే ఆసుపత్రులున్నాయంటే అది అలవాటే గానీ చట్టం కాదు.

కేంద్ర ప్రభుత్వ సెలవు నిబంధనల్లో ఇందుకు ఉద్యోగినికి మొత్తం సర్వీసులో 45 రోజుల సెలవు ఉంది. గర్భం దానంతటదే పోయినా, చట్ట ప్రకారం తీయించుకున్నా, ఎందరు పిల్లలున్నా ఇస్తారు. చిక్కంతా కాగితం దగ్గరే. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ పేరు బయటపెట్టిన వైద్యుడికి ఏడాది దాకా జైలు పడొచ్చు. కానీ సెలవు కావాలంటే ఆ వైద్యుడిచ్చిన సర్టిఫికెట్టే అర్జీకి జతచేసి, తన యూనిట్ ఆఫీసులో తనే ఇచ్చుకోవాలి.