పాత రిసీవర్‌తో కొత్త వేగం

ఇంటింటికీ ఇంటర్నెట్ తెచ్చే నెట్‌వర్క్‌లో ఎక్స్ఛేంజి నుంచి బయల్దేరిన ఒక ఫైబర్, కరెంటుతో పనిలేని స్ప్లిటర్ దగ్గర 32 లేదా 64 పాయలుగా చీలుతుంది. ఒకసారి భూమిలో వేసిన ఫైబర్ దశాబ్దాలు పనిచేస్తుంది. వేగం పెంచాలంటే మార్చాల్సింది చివర్లలోని లేజర్లు, రిసీవర్లే. ఎక్స్ఛేంజి పరికరం ఖర్చును అన్ని ఇళ్లూ పంచుకుంటాయి. ఇంట్లోని పెట్టె ఖర్చు మాత్రం ఆ ఒక్క ఇంటిదే. అందుకే ఈ రంగం ఎప్పుడూ చౌకగా దొరికే భాగాల వెంటే నడిచింది.

ఇలాంటి నెట్‌వర్క్‌లకు అంతర్జాతీయ టెలికాం సమాఖ్య (ఐటీయూ) 1998లో తెచ్చిన తొలి ప్రమాణం తర్వాత 2003లో జీపాన్ ప్రమాణం వచ్చింది. ప్రభుత్వ పథకం భారత్‌నెట్ తొలి దశలో పంచాయతీలకు చేరింది ఇదే. ఇళ్ల వైపు దాని వేగం సెకనుకు 2.5 గిగాబిట్లు. 2010 నాటికి అది 10కి పెరిగింది. కొత్త సేవకు వేరే తరంగదైర్ఘ్యాలు కేటాయించడంతో పాత పెట్టెలు అదే ఫైబర్ మీద కొనసాగాయి.

చిక్కు 25 గిగాబిట్ల దగ్గర వచ్చింది. అంత వేగాన్ని అందుకునే రిసీవర్లు ఖరీదైనవి. 10 గిగాబిట్లవి అప్పటికే విరివిగా దొరుకుతున్నాయి. వాటితోనే 25 అందుకోవాలని చూస్తే, నెమ్మదైన రిసీవర్‌లో ఒక బిట్ తోక పక్క బిట్ మీద పడుతుంది. టెలిఫోన్ లైన్ ఇంజనీర్లకు ఇది పాత తగాదా. సుమారు 3 కిలోహెర్ట్జ్ లైన్‌లోనే వాళ్లు వేగం పెంచుకుంటూ పోయారు. 1963లో ఆడమ్ లెండర్ డుయోబైనరీ పద్ధతి ప్రకటించాడు. బిట్ల కలయికను ఆపడానికి పెనుగులాడకుండా, ఎంత కలవాలో ముందే నిర్ణయించాడు. పక్కపక్క బిట్లు కూడితే వచ్చే మూడు స్థాయిలను చదివి అసలు బిట్లను రాబట్టాడు. ఈ చరిత్రలో అన్నిటికన్నా అందమైన ఆలోచన ఇదే. రెండేళ్లకు బెల్ ల్యాబ్స్‌లో రాబర్ట్ లక్కీ, లైన్ వక్రీకరణను తనంతట తానే సరిదిద్దుకునే ఈక్వలైజర్ రూపొందించాడు.

అర్ధ శతాబ్దం తర్వాత ఈ రెండూ ఇంటింటి ఫైబర్ పరిశోధనల్లోకి వచ్చాయి. ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ 2020లో తెచ్చిన 25 గిగాబిట్ల ప్రమాణం చివరికి మామూలు రెండు స్థాయిల సంకేతాన్నే ఎంచుకుంది. అయితే గాలగర్ అనే పరిశోధకుడు 1960ల తొలినాళ్లలో కనిపెట్టిన ఎల్‌డీపీసీ అనే దోష సవరణ పద్ధతిని చేర్చుకుంది. 2021లో ఐటీయూ ఒకే తరంగదైర్ఘ్యం మీద 50 గిగాబిట్లకు వెళ్లినప్పుడు, 25 గిగాబిట్ల తరగతి భాగాలకు డిజిటల్ ఈక్వలైజర్ తోడుగా నిలిచింది.

ఇళ్ల నుంచి ఎక్స్ఛేంజికి వచ్చే దిశలో పని ఇంకా కష్టం. ఒక్కో ఇంటి సంకేతం ఒక్కో దూరం నుంచి, ఒక్కో బలంతో, చిన్న చిన్న విడతలుగా వస్తుంది. ఇల్లు మారిన ప్రతిసారీ ఈక్వలైజర్ రెప్పపాటు కన్నా ఎంతో ముందే సర్దుకోవాలి.