రాతి పెట్టె మీద పేర్లు: కృష్ణా లోయ నాగరికత మనకు చెప్పేది

నదీలోయ నాగరికత అనగానే మన పిల్లలు సింధు అంటారు, నైలు అంటారు. మొహెంజొదారో స్నానవాటిక, హరప్పా ముద్రికలు, రావిచెట్టు బొమ్మలు అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకుంటారు. తప్పేమీ లేదు, తెలుసుకోవలసిందే. కానీ సూర్యలంక తీరం నుంచి బాపట్ల, రేపల్లె మీదుగా కృష్ణ కట్ట వెంట పైకి వెళ్తే అక్కడా ఒక నదీలోయ నాగరికత ఉంది. భట్టిప్రోలు, అమరావతి, నది అవతలి ఒడ్డున ఘంటసాల, ఇంకా పైన నాగార్జునకొండ దాని ఆనవాళ్లు. బస్సెక్కితే పూటలో చేరగలిగినంత దగ్గరలో భట్టిప్రోలు ఉన్నా, మన యానాది, ఎరుకల పేటల్లో దాని గురించి చెప్పేవాళ్లు తక్కువ. ఈ సంచికలో ఆ మాటే చెప్పదలుచుకున్నాం.

భట్టిప్రోలు దిబ్బలో దొరికినవి

లంక అంటే నీటి మధ్య మేట వేసిన నేల. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ సుమారు 1400 కిలోమీటర్లు నడిచి, దారి పొడవునా తెచ్చిన ఒండ్రును ఇక్కడ దించి సముద్రంలో కలుస్తుంది. ఆ ఒండ్రు మీదే పంటలు, ఊళ్లు, రేవులు పుట్టాయి. క్రీస్తుకు పూర్వం 3, 2 శతాబ్దాల నాటికే భట్టిప్రోలులో పెద్ద ఇటుకల స్తూపం లేచింది.

1892లో అలెగ్జాండర్ రే అక్కడి దిబ్బను తవ్వించాడు. లోపల మూడు రాతి పెట్టెలు, వాటిలో స్ఫటికపు భరిణెలు, బుద్ధుడివని భక్తులు నమ్మి దాచుకున్న ధాతువులు, బంగారు పూలు దొరికాయి. వీటన్నిటికంటే విలువైనవి ఆ పెట్టెల మీది అక్షరాలు. బ్యూలర్ అనే పండితుడు వాటిని చదివి 1894లో ప్రకటించాడు. భాష ప్రాకృతం. లిపి బ్రాహ్మియే గానీ కొన్ని అక్షరాల తీరు వేరు. తెలుగు లిపి ఎలా ఎదిగిందో చెప్పేవాళ్లు భట్టిప్రోలు పేరు తలవకుండా ముందుకు పోలేరు.

ఇంతకీ అందులో ఏం రాసి ఉంది? యుద్ధాలు, బిరుదులు కావు. పేర్లు. కుబీరకుడు అనే రాజు పేరు ఉంది. అయితే ఆయన ఒక గోష్ఠికి, అంటే సంఘానికి, పెద్దగా కనిపిస్తాడు. ఆయనతో పాటు నిగమం వాళ్ల పేర్లు, అంటే ఊరి వ్యాపార సంఘంలోని మామూలు మనుషుల పేర్లు వరుసగా చెక్కి ఉన్నాయి. నందపురం స్త్రీలు కలిసి ఇచ్చిన దానం ప్రస్తావన ఉంది. ఒక పెట్టెను కుర అనే మనిషి, అతని తండ్రి, అతని తల్లి, శివుడు అనే మరొకరు కలిసి చేయించారు.

సింధు లిపిని ఇప్పటికీ ఎవరూ చదవలేకపోయారు. అంత పెద్ద నగరాలు కట్టిన వాళ్లలో ఒక్క మనిషి పేరు కూడా మనకు తెలియదు. మన పక్కనున్న భట్టిప్రోలులో మాత్రం 2200 ఏళ్ల కిందటి మనుషుల పేర్లు పిలిస్తే పలికేటంత దగ్గరగా ఉన్నాయి. రాసుకోవడం వల్ల జరిగిన మేలు ఇది.

విధికుడి పూర్ణఘటం

అమరావతికి వెళ్దాం. అప్పట్లో దాని పేరు ధాన్యకటకం. పలనాటి సున్నపురాయి మీద చెక్కిన తామరలు, ఏనుగులు, జాతకకథలు, జనంతో కిక్కిరిసిన వీధులు అమరావతి శిల్పానికి ప్రపంచంలో పేరు తెచ్చాయి. మదమెక్కిన నలగిరి ఏనుగు వీధిలోకి దూసుకొస్తుంటే జనం బెదిరి చెదిరిపోవడం, అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లడం ఒకే పలకలో చూపించిన పనితనం చూసి తీరాలి. తొలినాటి పలకల్లో బుద్ధుడిని మనిషి రూపంలో చెక్కలేదు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, చెట్టు, చక్రం పెట్టారు. చూసేవాళ్లకు అర్థమయ్యేది.

ఇంత ఖర్చు ఎవరు పెట్టుకున్నారు? రాజులే అనుకుంటాం. శాసనాలు చూస్తే భిక్షుణులు, గృహపతులు, సుగంధద్రవ్యాల వర్తకులు, తల్లులు, కూతుళ్లు తలో రాయీ ఇచ్చారు. వాళ్లలో ఒకడు విధికుడు. చర్మకారుడు, అంటే తోలుపని చేసేవాడు. తల్లి, భార్య, అన్నదమ్ములు, కొడుకు, కూతుళ్లు, బంధుమిత్రులతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలక ఇచ్చానని రాయించాడు. తన వృత్తిని దాచలేదు, పేరుకు ముందే పెట్టుకున్నాడు.

2018లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించిన అధికార చిహ్నం మధ్యలో ఉన్నది అమరావతి పూర్ణఘటమే. మీ కుల ధ్రువపత్రం మీద, మార్కుల జాబితా మీద ఆ బొమ్మ కనిపించినప్పుడు విధికుడిని గుర్తు చేసుకోండి.

అలాగని ఆ సమాజం సమసమాజమని మేము అనడం లేదు. దానం ఇవ్వగలిగిన వాళ్ల పేర్లే రాయి ఎక్కాయి. ఘంటసాలలో శివకుడు అనే మహానావికుడి పేరు ఉంది, అతని ఓడలో తెడ్డు వేసిన వాళ్ల పేర్లు లేవు. స్తూపానికి ఇటుకలు మోసిన వాళ్లు, ఆ ఊళ్లకు చేపలు, తేనె, కట్టెలు తెచ్చిన వాళ్లు కూడా ఉండే ఉంటారు. వాళ్లు లేనిదే ఏ నాగరికతా పూట గడవదు.

చెట్టు, పాము, అమ్మ, కుండ

ఈ లోయ నమ్మకాలను బౌద్ధం ఒక్కటే అనుకుంటే సగమే చూసినట్టు. అమరావతిలో ఒక స్తంభం మీద చంద్రముఖుడు అనే యక్షుడు ఉన్నాడు. అతను పొగడచెట్టు మీద నివసిస్తాడని రాసి ఉంది. స్తూపాన్ని చుట్టుకుని కాపాడే పడగల నాగులను ఎన్నో పలకల మీద చెక్కారు. నాగార్జునకొండలో పిల్లలను కాచే హారీతికి గుడి ఉంది. తెనాలికి దగ్గరలోని చేబ్రోలులో దొరికిన శాతవాహన రాజు విజయుడి శాసనం క్రీ.శ. 207 నాటిది. అందులో సప్తమాతృకల ఆలయం మాట ఉంది.

చెట్టు, పాము, తల్లి, నీటికుండ. వీటిని బౌద్ధం కొత్తగా తేలేదు. జనంలో ఉన్నవాటిని కాదనకుండా తన గోడ మీద చోటిచ్చింది. ఈనాటికీ మన పేటల్లో వేపచెట్టు కింద అమ్మ ఉంటుంది. నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తాం. జాతరలో ఘటం ఎత్తుతాం. పాము కరిస్తే ఏ ఆకు వాడాలో తెలిసిన యానాది పెద్దలను ఊళ్లన్నీ వెతుక్కుంటూ వచ్చేవి. దీన్ని మూఢత్వం అని ఎవరైనా చిన్నబుచ్చితే తల దించుకోవద్దు. ఇదే నమ్మకం మ్యూజియంలో రాతి మీద ఉంటే కళ అంటారు. పాము కరిస్తే మాత్రం ముందు ఆస్పత్రికే పరుగెత్తాలి, అందులో రెండో మాట లేదు. గౌరవం వేరు, వైద్యం వేరు.

ఆ నాగులు మన తాతలేనని సభల్లో కొందరు అంటారు. ఆధారం లేని వంశవృక్షం మనకు అక్కర్లేదు. ఈ నేల మీద, ఈ నీటితో, ఈ చెట్లతో బతికిన వాళ్ల మధ్య మన బతుకూ ఉంది. ఆ మాత్రం చాలు.

రాత రెండు రకాలు

పేరు రాతకెక్కడం ఎప్పుడూ గౌరవం కాదు. విధికుడి పేరు దాతగా రాయి ఎక్కింది. ఇదే తీరంలో మన ఎరుకల కుటుంబాల పేర్లు పోలీసు రిజిస్టర్లకు ఎక్కాయి. 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. బాపట్లకు దగ్గరలోని స్టూవర్టుపురం ఆ రోజుల్లో సాల్వేషన్ ఆర్మీ చేతుల మీదుగా వెలసిన సెటిల్‌మెంటే. పుట్టుకే నేరమన్న ఆ చట్టాన్ని దేశమంతటా రద్దు చేసేసరికి 1952 వచ్చింది. పేరు ఒకటే, రాసే చేయి మారితే అర్థం మారిపోతుంది.

ఈనాటికీ ఆధార్‌లో ఒక పేరు, రేషన్ కార్డులో ఇంకో పేరు, బడి రిజిస్టర్లో మూడో పేరు ఉండి ధ్రువపత్రం కోసం తిరుగుతున్న కుటుంబాలు మన పేటల్లో ఉన్నాయి. పేరు సరిగ్గా రాసి ఉండకపోతే చదువు ఆగుతుంది, ఇంటిస్థలం ఆగుతుంది.

రాసినది కూడా కాపాడుకోకపోతే నిలవదు. భట్టిప్రోలు స్తూపం ఇటుకలు రోడ్డు పనికి పోయాయి, రాళ్లు కాలువ తూముకు పోయాయి. అమరావతి పలకలు కొన్ని 1859 నాటికి లండన్ చేరాయి, మరికొన్ని చెన్నై మ్యూజియంలో ఉన్నాయి. ఊరివాళ్లకు విలువ తెలియనప్పుడు ఏదైనా రాళ్ల కుప్పే. మన పెద్దల నోట ఉన్న వలల పేర్లు, ఆకుల పేర్లు, సోది చెప్పే తీరు, పాటలు ఇప్పుడు ఆ స్థితిలోనే ఉన్నాయి. వాటిని తవ్వి తీయడానికి రే దొర రాడు.

అందుకే మన యువతకు మూడు పనులు చెబుతున్నాం. ఒకటి, ఈ ఏడాది పేట పిల్లలను వెంటబెట్టుకుని భట్టిప్రోలు దిబ్బ చూసి రండి. రెండు, ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి వాళ్లకు తెలిసిన పనులు, మందులు, కథలు వాళ్ల మాటల్లోనే ఫోనులో రికార్డు చేసి నోటుపుస్తకంలో రాయండి. మూడు, మూడు తరాల పేర్లు రాయండి, ధ్రువపత్రాల్లో తప్పులుంటే సరిచేయించండి.

పేర్లు రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త. భట్టిప్రోలు పెట్టె మీద ఆ అమ్మను 'కుర తల్లి' అని మాత్రమే చెక్కారు, ఆమె సొంత పేరు చెక్కలేదు. మీ నాయనమ్మను, అమ్మమ్మను ఫలానావాడి తల్లి అని రాసి ఊరుకోకండి. పేరేమిటో అడిగి, ఆమె చెప్పినట్టే రాయండి.