మూడో బ్యాక్ పుట్టిన కథ

ఆటగాడిగా హెర్బర్ట్ చాప్‌మన్‌ను ఎవరూ గుర్తుపెట్టుకోవాల్సిన పనిలేదు. 1878లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో, కివిటన్ పార్క్ అనే బొగ్గుగనుల ఊళ్లో పుట్టాడు. తండ్రి గని కార్మికుడు. కొడుకు మైనింగ్ ఇంజనీరింగ్ చదువుకున్నాడు, దాంతోపాటు ఫుట్‌బాలూ ఆడాడు. గ్రిమ్స్‌బీ, స్విండన్, షెఫీల్డ్ యునైటెడ్, నాట్స్ కౌంటీ, టాటెన్‌హామ్ అంటూ ఊళ్లు తిరిగాడే గానీ ఎక్కడా వేళ్లూనుకోలేదు. జనం చెప్పుకున్నదల్లా అతని బూట్ల గురించే. లేత పసుపు రంగు తోలు బూట్లు వేసుకునేవాడు. పాస్ ఇచ్చేవాడికి తను ఎక్కడున్నాడో ఇట్టే కనబడాలని! కాళ్లలో లేని ప్రతిభకు బుర్రతో దారి వెతుక్కునే మనిషని ఆ బూట్లే చెబుతున్నాయి.

1907లో ఇక ఆట చాలించి ఇంజనీరు కొలువు చూసుకుందామనుకున్నాడు. అప్పుడే నార్తాంప్టన్ టౌన్ క్లబ్ ఒక ప్లేయర్-మేనేజర్ కోసం వెతుకుతోంది. వాళ్లు అడిగింది చాప్‌మన్‌ను కాదు, టాటెన్‌హామ్‌లో అతని సహచరుడు వాల్టర్ బుల్‌ను. బుల్ మనసు మార్చుకుని, నా బదులు ఇతన్ని తీసుకోండని చాప్‌మన్ పేరు చెప్పాడు. సదరన్ లీగ్‌లో అట్టడుగున పడి ఉన్న ఆ జట్టు 1909లో టైటిల్ గెలిచింది.

అప్పట్లో మేనేజర్ అంటే ఏపాటి ఉద్యోగమో కూడా చెప్పుకోవాలి. జట్టులో ఎవరు ఆడాలో డైరెక్టర్లు తేల్చేవారు. ట్రైనర్ పరుగులు పెట్టించేవాడు. రైలు టికెట్లు, ఉత్తర ప్రత్యుత్తరాలు, జీతాల లెక్కలు మేనేజర్ వంతు. మైదానంలోకి దిగాక ఎవరెక్కడ నిలబడాలన్నది ఆటగాళ్ల అలవాటును బట్టి నడిచిపోయేది. ఆటను కాగితం మీద ఆలోచించే మనిషంటూ క్లబ్‌లో ఒకడుండాలని పట్టుబట్టింది చాప్‌మన్. మన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీందీ ఇదే కోవ. ఆడిన రోజుల కన్నా ఆడించిన రోజులే ఆయన పేరు నిలబెట్టాయి.

ఆ తర్వాత లీడ్స్ సిటీకి వెళితే అక్కడ నెత్తిన పిడుగు పడింది. యుద్ధకాలంలో ఆటగాళ్లకు నిబంధనలకు విరుద్ధంగా డబ్బు ముట్టజెప్పారన్న అభియోగం మీద 1919లో ఆ క్లబ్‌నే లీగ్ నుంచి గెంటేశారు. చాప్‌మన్‌పైనా నిషేధం వేశారు. ఆ రోజుల్లో తాను బార్న్‌బో మందుగుండు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నానని అప్పీలు చేసుకుని బయటపడ్డాడు. హడర్స్‌ఫీల్డ్ అతన్ని చేరదీసింది. 1922లో ఎఫ్‌ఏ కప్, 1924లో, 1925లో వరసగా లీగ్ టైటిళ్లు గెలిచి ఆ రుణం తీర్చుకున్నాడు.

1925లో లండన్‌లోని ఆర్సెనల్ క్లబ్ మేనేజర్ కావాలని ప్రకటన ఇచ్చింది. ఆటగాళ్లను కొనడానికి భారీ మొత్తాలు పోయాలనుకునేవాళ్లు దరఖాస్తు చేసుకోనక్కర్లేదని అందులో ఒక షరతు. చాప్‌మన్ చేరాడు, చేరగానే ఆ షరతును గాలికొదిలేశాడు. మొదటి బేరం చార్లీ బుకన్. కుర్రతనంలో ఇదే ఆర్సెనల్‌కు ఆడుతూ, 11 షిల్లింగుల ఖర్చుల బిల్లు దగ్గర మాటా మాటా పెరిగి వెళ్లిపోయినవాడు. ఇప్పుడు అతను ఆడుతున్న సండర్లాండ్ క్లబ్‌కు 2,000 పౌండ్లు ముందుగా ఇచ్చి, మొదటి సీజన్లో కొట్టే ఒక్కో గోల్‌కు 100 పౌండ్ల చొప్పున కట్టే ఒప్పందం మీద తెచ్చుకున్నారు. బుకన్ 21 కొట్టాడు. ఆ 11 షిల్లింగులు పారేసి ఉంటే క్లబ్‌కు చాలా మిగిలేది.

సరిగ్గా ఆ వేసవిలోనే ఆఫ్‌సైడ్ నియమం మారింది. అంతవరకు ముందున్న ఆటగాడికి పాస్ ఇవ్వాలంటే అతనికీ గోల్ గీతకూ మధ్య ఎదుటి జట్టువాళ్లు కనీసం ముగ్గురుండాలి. న్యూకాజిల్ ఫుల్‌బ్యాక్ బిల్ మెక్రాకెన్‌లాంటి గడుసువాళ్లు ఒక్క అడుగు ముందుకేసి ఫార్వర్డ్‌లను ఆఫ్‌సైడ్‌లో ఇరికించేసేవారు. న్యూకాజిల్ స్టేషన్లో గార్డు ఈల వేస్తే, రైలు దిగుతున్న ఆటగాడొకడు అప్పుడే ఆఫ్‌సైడా అన్నాడని ఒక కథ. గోల్స్ లేక ఆట చప్పబడటంతో ముగ్గురిని ఇద్దరికి తగ్గించారు. 1924-25లో లీగ్ మొత్తం మీద 4,700 గోల్స్ పడితే, మరుసటి ఏడు 6,373 పడ్డాయి.

డిఫెండర్లకు దిక్కు తోచలేదు. పాత అమరికలో వెనక ఇద్దరు ఫుల్‌బ్యాకులు, మధ్యలో ముగ్గురు హాఫ్‌బ్యాకులు, ముందు అయిదుగురు ఫార్వర్డ్‌లు ఉండేవారు. మధ్యలో ఉండే సెంటర్ హాఫ్ జట్టుకు ఇరుసు. దాడికీ అతనే, అడ్డుకోవడానికీ అతనే. కొత్త నియమం వచ్చాక అతను ముందుకు పోతే వెనక మధ్యదారి బార్లా తెరుచుకునేది. సెంటర్ హాఫ్‌ను వెనక్కి లాగమని బుకన్ సీజన్ మొదట్లోనే పోరాడు. ఎవరూ చెవిన పెట్టలేదు.

1925 అక్టోబర్ 3న న్యూకాజిల్‌లో ఆర్సెనల్ 7-0తో చిత్తయింది. న్యూకాజిల్ సెంటర్ హాఫ్ చార్లీ స్పెన్సర్ ఆటంతా వెనకే కాపు కాశాడని బుకన్ కనిపెట్టాడు. మండిపడుతూ పాత పాటే మళ్లీ అందుకున్నాడు. ఈసారి చాప్‌మన్ విన్నాడు. జట్టంతా కూర్చుని చర్చించింది. సెంటర్ హాఫ్ జాక్ బట్లర్ ఇద్దరు ఫుల్‌బ్యాకుల మధ్యకు వచ్చి మూడో బ్యాక్ కావాలి. సరే, మరి మధ్యలో పడే ఖాళీ ఎవరు పూడుస్తారు? ఒక ఇన్‌సైడ్ ఫార్వర్డ్ వెనక్కి రావాలన్నాడు బుకన్. ఆ పని తనకే ఇస్తారనుకున్నాడు. చాప్‌మన్ ససేమిరా అన్నాడు: నువ్వు గోల్స్ కొట్టాలి, ఇంకెవరైనా ఉంటే చెప్పు. బుకన్ చెప్పిన పేరు ఆండీ నీల్. మూడో జట్టులో ఆడుకునే స్కాట్లండ్ మనిషి. నడక నత్తనడక. కానీ బంతి కాలి కింద ఉంచుకుని, నింపాదిగా ఆలోచించి, సరైన చోటికి పంపగలడు. రెండు రోజుల తర్వాత, సోమవారం, వెస్ట్‌హామ్‌పై ఆర్సెనల్ 4-0తో గెలిచింది.

ఈ ఆవిష్కరణ చాప్‌మన్ ఖాతాలో పడిపోయింది గానీ, ఆలోచన బుకన్‌ది, చేసి చూపింది న్యూకాజిల్. చాప్‌మన్ ఘనత వేరే ఉంది. తన జీతగాడు తప్పు పడితే విన్నాడు, విన్నదాన్ని నలభై ఎనిమిది గంటల్లో అమలు చేశాడు, తర్వాత ఏళ్ల తరబడి దానికి తగిన మనుషుల్ని ఏరుకున్నాడు. బట్లర్ స్థానంలోకి ఆస్వెస్ట్రీ నుంచి 200 పౌండ్లకు వచ్చిన హెర్బీ రాబర్ట్స్ గుమ్మానికి గడియలా నిలిచాడు. నీల్ చేసిన పనికి 1929లో అలెక్స్ జేమ్స్ వచ్చాడు, 8,750 పౌండ్లకు. గోల్స్ కొట్టే జేమ్స్‌ను గోల్స్ కొట్టించేవాడిగా మార్చడానికి చాలా ఓపిక పట్టాల్సి వచ్చింది. ముందువాళ్లు డబ్ల్యూ ఆకారంలో, వెనకవాళ్లు ఎం ఆకారంలో కుదురుకున్నారు. ఇది గోడ కట్టుకుని కూర్చునే ఆట అని ఆడిపోసుకున్నవాళ్లున్నారు. 1930-31లో టైటిల్ గెలిచిన ఆ జట్టు 42 మ్యాచ్‌ల్లో 127 గోల్స్ కొట్టింది మరి.

మిగతా ముచ్చట్లు బోలెడు. ఫ్లడ్‌లైట్లు కావాలన్నాడు, అధికారులు వద్దన్నారు. భూగర్భ రైలు స్టేషన్‌కు 1932లో ఆర్సెనల్ అని పేరు మార్పించాడు. 1928 ఆగస్టులో షెఫీల్డ్‌లో తన జట్టును అంకెల చొక్కాలతో దింపాడు. అంకెలను తప్పనిసరి చేయడానికి లీగ్‌కు 1939 దాకా పట్టింది. అప్పటికి అతను లేడు. జలుబు చేసినా డాక్టరు మాట వినకుండా మూడో జట్టు మ్యాచ్ చూడబోయి, న్యుమోనియాతో 1934 జనవరి 6న పోయాడు.

మూడో బ్యాక్ పద్ధతి మాత్రం ఇంగ్లండ్‌కు వేదవాక్కైపోయింది. 1953 నవంబర్ 25న వెంబ్లీలో హంగరీ వచ్చేదాకా దాన్ని ఎవరూ ప్రశ్నించలేదు. హంగరీ సెంటర్ ఫార్వర్డ్ హిడెకుటి వీపు మీద 9 అంకె ఉంది, మనిషి మాత్రం మైదానం మధ్యలో తిరుగుతున్నాడు. అతన్ని కాయాల్సిన హ్యారీ జాన్‌స్టన్ వెంటపడితే వెనక ఖాళీ, ఆగిపోతే అతనికి అడ్డులేదు. మొదటి నిమిషంలోనే హిడెకుటి గోల్ కొట్టాడు. మొత్తం మూడు కొట్టాడు. హంగరీ 6-3తో గెలిచింది. మరుసటి మే నెలలో బుడాపెస్ట్‌లో మళ్లీ తలపడ్డారు. ఈసారి 7-1.