బడి కప్పు మీది సూర్యుడు

బడులకు సౌరవిద్యుత్తు చరిత్రను 2010 నాటి జాతీయ సౌర మిషన్‌తో మొదలుపెట్టడం మనకు అలవాటు. రాజస్థాన్‌లోని తిలోనియా అంతకన్నా పాతది. 1972లో బంకర్ రాయ్ అక్కడ నెలకొల్పిన సంస్థ, పగలు మేకలు కాసే పిల్లలకు రాత్రి బడులు నడిపి, సౌరదీపాల వెలుగులో అక్షరాలు దిద్దించింది. సంస్థ సొంత పైకప్పుల మీదా సౌరఫలకాలే. ఆ పరికరాలను బిగించడం, బాగుచేయడం నేర్చినవారు పెద్దగా చదువులేని పల్లె స్త్రీలు.

ఢిల్లీ మాత్రం మెగావాట్లే లెక్కపెట్టింది. పైకప్పులకు 2015లో పెట్టుకున్న 40,000 మెగావాట్ల లక్ష్యం 2022 గడువుకు నెరవేరలేదు. నిజానికి బడికి కరెంటు కావలసింది పగలే. ఇంతకన్నా తగిన కప్పు ఏది? అయితే ఎండ మండే మే నెలలో బడికి సెలవులు. మిగులు కరెంటును గ్రిడ్‌కు అమ్ముకునే వీలు లేకుంటే అది వృథాయే. ఇన్వర్టర్ పాడైతే ఊళ్లో ఎవరు బాగుచేస్తారన్నది, తిలోనియా మొదటే వేసుకున్న ప్రశ్న.