క్లాసులో పోల్ పెడితే కెమిస్ట్రీ వస్తుందా?

ముందు ఒక ప్రశ్న. స్టీల్ ట్యాంకు నిండా హైడ్రోజన్ గ్యాస్ ఉంది. 20 డిగ్రీల సెల్సియస్, 3 అట్మాస్ఫియర్ల ప్రెషర్. దాన్ని మైనస్ 20 డిగ్రీలకి చల్లబరిచాం. ఇప్పుడు లోపల మాలిక్యూల్స్ ఎలా ఉంటాయి? ఒకటి, అడుగుకి దిగిపోతాయి. రెండు, మధ్యలో గుంపుగా దగ్గరపడతాయి. మూడు, ముందులాగే ట్యాంకు అంతా పరుచుకుని ఉంటాయి. వీడియో పాజ్ చేసి ఒక నంబర్ అనుకోండి.

ఆప్షన్లు నావి, ప్రశ్న మాత్రం పాతదే. 1987లో నర్రెన్‌బర్న్, పికరింగ్ అనే ఇద్దరు అమెరికాలో కాలేజీ కెమిస్ట్రీ స్టూడెంట్స్‌కి బొమ్మలు చూపించి అడిగారు. గ్యాస్ లా లెక్కలు చక్కగా చేసినవాళ్లలో కూడా చాలామంది బొమ్మ దగ్గర తప్పారు. మన ఇంటర్ ఎంపీసీ బ్యాచ్‌కి ఇది కొత్తేం కాదు కదా. ఫార్ములాలో నంబర్లు వేస్తే ప్రెషర్ సుమారు 2.6 అని టక్కున వచ్చేస్తుంది. లోపల ఏం జరుగుతోందో మాత్రం ఎవరూ అడగరు. ఆన్సర్ మూడు. హైడ్రోజన్ లిక్విడ్ అవ్వాలంటే దాదాపు మైనస్ 253 దాకా వెళ్లాలి. అప్పటిదాకా అది గ్యాసే, ట్యాంకు అంతా తిరుగుతూనే ఉంటుంది.

ఫిజిక్స్‌లో ఇలాంటి షాకే 1990లో హార్వర్డ్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్‌కి తగిలింది. బలం, చలనం మీద చాలా ఈజీ ప్రశ్నలిచ్చాడు. ఒక స్టూడెంట్ లేచి, మీరు చెప్పినట్టు రాయాలా, నేను మామూలుగా ఆలోచించేట్టు రాయాలా అని అడిగింది. ఆ టెస్టులో ఒక ప్రశ్నని మజూర్ రెండుసార్లు వివరించినా క్లాసుకి ఎక్కలేదు. విసిగిపోయి, మీలో మీరే మాట్లాడుకోండి అన్నాడు. హాలంతా గోల. కొన్ని నిమిషాల్లో వాళ్లే తేల్చేశారు. మరి ప్రొఫెసర్ వల్ల కానిది పక్క సీటువాడి వల్ల ఎలా అయింది? వాడికి ఇప్పుడిప్పుడే అర్థమైంది, ఎక్కడ తడబడ్డాడో వాడికి ఇంకా గుర్తుంది.

1991 నుంచి మజూర్ దీన్నే పద్ధతిగా మార్చాడు. పేరు పీర్ ఇన్‌స్ట్రక్షన్. ముందు ఎవరికి వాళ్లు ఓటేయాలి. తర్వాత వేరే ఆన్సర్ చెప్పినవాణ్ని ఒప్పించాలి. మళ్లీ ఓటు. కెమిస్ట్రీలోకి దీన్ని తెచ్చినవాళ్లలో విస్కాన్సిన్ యూనివర్సిటీకి చెందిన ఆర్థర్ ఎల్లిస్ ఒకరు. ఆయనా, తోటివాళ్లూ ఇలాంటి కెమిస్ట్రీ ప్రశ్నలు పోగేసి 2001లో పుస్తకంగా వేశారు. మరుగుతున్న నీళ్ల బుడగల్లో ఏముంటుంది అన్నది ఈ రకం ప్రశ్నే. హైడ్రోజన్, ఆక్సిజన్ అనేవాళ్లు బోలెడుమంది. ఉండేది నీటి ఆవిరి.

మరి మెషీన్ సంగతి? 1960ల్లోనే స్టాన్‌ఫర్డ్, కార్నెల్‌లో స్టూడెంట్స్ బటన్ నొక్కి ఆన్సర్ చెప్పే సిస్టమ్స్ పెట్టారు. స్టూడెంట్స్‌కి నచ్చాయి. కానీ ఆ రోజుల స్టడీలన్నీ 2002లో తిరగేసి చూస్తే, మార్కుల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. బటన్ ఉంది, మాట్లాడుకోవడం లేదు. 2008లో నథానియల్ లాస్రీ దీన్ని ఇంకో వైపు నుంచి చూశాడు. ఫిజిక్స్‌లో పీర్ ఇన్‌స్ట్రక్షన్ చేస్తూ ఒక గ్రూపుకి క్లిక్కర్లు, ఇంకో గ్రూపుకి అట్టముక్కలు ఇచ్చాడు. నేర్చుకోవడంలో తేడా రాలేదు! ఇప్పుడు క్లిక్కర్ పోయి ఫోన్ పోల్ వచ్చింది. నా ఉద్దేశంలో ఫోన్ వల్ల పెద్ద లాభం ఒక్కటే, పక్కవాడు ఏం నొక్కాడో కనపడదు. కాబట్టి మీ సార్ మొదటి ఓటు అవ్వగానే గ్రాఫ్ చూపించేస్తుంటే, చర్చ అయ్యేదాకా ఆపమని అడగండి. గ్రాఫ్ కనిపిస్తే అందరూ పెద్ద గీత వైపే వెళ్తారు.

ఇక్కడ మీకో డౌట్ రావాలి. రెండో ఓటులో కరెక్ట్ ఆన్సర్లు పెరిగాయంటే, టాపర్ చెప్పింది కాపీ కొట్టారనే కదా? కొలరాడో యూనివర్సిటీ వాళ్లు 2009లో జెనెటిక్స్ క్లాసులో ఇదే చెక్ చేశారు. చర్చ అయ్యాక, ఆన్సర్ చెప్పకుండానే, అదే కాన్సెప్ట్ మీద ఇంకో ప్రశ్న ఇచ్చి ఒంటరిగా చేయమన్నారు. స్కోర్లు పెరిగాయి. మొదట్లో గ్రూపులో ఒక్కడికీ ఆన్సర్ తెలియని సందర్భాల్లో కూడా పెరిగాయని వాళ్ల లెక్క తేల్చింది. అంటే కాపీ కొట్టడానికి అక్కడ టాపరే లేడు.