గర్భం నిలిచే రోజులు ఏవి? 14వ రోజు లెక్క అందరికీ ఎందుకు సరిపోదు

నికాహ్ అయిన కొద్ది నెలలకే “ఏమైనా విశేషమా?” అని అడగడం మొదలవుతుంది. ఏడాది దాటితే ఆ ప్రశ్నే కోడలి మీద నిందగా మారుతుంది. కొన్ని ఇళ్లలో తావీజులు, నాటుమందులతో మొదలై చివరికి రెండో పెళ్లి మాట దాకా పోతుంది. అంతదూరం పోయే ముందు భార్యాభర్తలిద్దరూ తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. ఒకటి, నెలలో గర్భం నిలిచే రోజులు కొన్నే ఉంటాయి. రెండు, ఆ రోజులు అందరికీ ఒకేలా రావు.

నెలసరి చక్రంలో ఏం జరుగుతుంది?

రక్తస్రావం మొదలైన రోజే చక్రంలో ఒకటో రోజు. మళ్లీ నెలసరి వచ్చే ముందు రోజుతో ఆ చక్రం పూర్తవుతుంది. ఇది 21 నుంచి 35 రోజుల మధ్య ఎంత ఉన్నా మామూలే.

చక్రం మొదట్లో మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ వస్తుంది. దాంతో అండాశయంలో నీటి బుడగల్లాంటి ఫాలికిల్స్ పెరుగుతాయి. సాధారణంగా వాటిలో ఒక్కటే పూర్తిగా ఎదుగుతుంది. అది ఇచ్చే ఈస్ట్రోజెన్ వల్ల గర్భసంచి లోపలి పొర మందమవుతుంది. ఆ తర్వాత ఎల్‌హెచ్ హార్మోన్ ఒక్కసారిగా పెరుగుతుంది. అది మొదలైన 24 నుంచి 36 గంటల్లో ఫాలికిల్ పగిలి అండం బయటికి వస్తుంది. దీన్నే అండం విడుదల, ఓవ్యులేషన్ అంటారు. గర్భం నిలవకపోతే సుమారు రెండు వారాలకు లోపలి పొర ఊడి నెలసరి వస్తుంది.

లెక్క వెనక నుంచి వేయాలి

అండం 14వ రోజే విడుదలవుతుందని చాలామంది అనుకుంటారు. అది 28 రోజుల చక్రానికి వేసే లెక్క. 1924లో జపాన్ డాక్టర్ క్యుసాకు ఒగినో గమనించింది వేరు: అండం విడుదలను తర్వాత వచ్చే నెలసరి నుంచి వెనక్కి లెక్కించాలి. విడుదల తర్వాతి భాగం చాలామందిలో 12 నుంచి 14 రోజులు ఉంటుంది. ఎక్కువగా మారేది ముందు భాగమే.

అందువల్ల 24 రోజుల చక్రం ఉన్నవారికి 10వ రోజు దగ్గర, 35 రోజుల చక్రం ఉన్నవారికి 21వ రోజు దగ్గర అండం విడుదల కావచ్చు. జ్వరం, మనసు మీద ఒత్తిడి, బరువులో పెద్ద మార్పు వంటివి ఉంటే అదే మనిషికి ఒక నెల ముందుగా, ఒక నెల ఆలస్యంగా కూడా జరగొచ్చు.

అసలైన ఆరు రోజులు

బయటికి వచ్చిన అండం 12 నుంచి 24 గంటలే బతుకుతుంది. భర్త వీర్యకణాలు మాత్రం భార్య శరీరంలో ఐదు రోజుల దాకా ఉండగలవు. కాబట్టి అండం విడుదలైన రోజు, దానికి ముందు ఐదు రోజులు, మొత్తం ఆరు రోజుల్లోనే గర్భం నిలుస్తుంది. 1995లో అమెరికాలో 221 మంది మహిళలపై వచ్చిన అధ్యయనంలోనూ ఇదే తేలింది. అండం విడుదలకు ముందు రెండు మూడు రోజుల్లో అవకాశం ఎక్కువ. విడుదలైన మర్నాటి నుంచి ప్రయత్నిస్తే ఆ నెలకు ఆలస్యమైనట్టే.

తేదీ పట్టుకుని ఒక్క రోజు కోసం ఆగాల్సిన పని లేదు. నెలసరి ఆగాక రెండు మూడు రోజులకోసారి కలిస్తే ఆ ఆరు రోజులు వాటంతట అవే కలిసొస్తాయి.

హైజ్ లెక్కే ఇక్కడా పనికొస్తుంది

నమాజు, రోజాల కోసం చాలామంది ఆడవాళ్లు హైజ్ రోజులు గుర్తుపెట్టుకుంటారు. అదే లెక్కను ఆరు నెలలు రాసిపెడితే డాక్టర్‌కు ఎంతో ఉపయోగం. అయితే తేదీని బట్టి కాకుండా రోజులు లెక్కించాలి. 28 రోజుల చక్రం ఉన్నవారికి ఇంగ్లిష్ క్యాలెండర్‌లో నెలసరి ప్రతిసారీ రెండు మూడు రోజులు ముందుకు జరిగినట్టు కనిపిస్తుంది. అది లోపం కాదు.

ఇంకో విషయం చాలామందికి తట్టదు. చక్రం 21 రోజులే ఉండి, రక్తస్రావం ఏడెనిమిది రోజులు సాగితే, గుసుల్ చేసేసరికే గర్భం నిలిచే రోజులు దాటిపోవచ్చు. హైజ్‌లో కలయిక ఎలాగూ నిషిద్ధం. ఇలాంటివారు ఈ లెక్కను డాక్టర్‌కు స్పష్టంగా చెప్పాలి, చికిత్సతో దీన్ని సరిచేసే వీలుంటుంది. హనఫీ మసాయెల్ ప్రకారం హైజ్ కనీసం 3 రోజులు, ఎక్కువలో ఎక్కువ 10 రోజులు. అది దాటి వచ్చే రక్తం ఇస్తిహాజా. దాని అహ్కామ్ వేరు కాబట్టి ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి.

శరీరం చెప్పే గుర్తులు

* తెల్లబట్ట పల్చగా, జారుడుగా, పచ్చి గుడ్డు తెల్లసొనలా సాగితే అండం విడుదల దగ్గరపడినట్టు.
* ఉదయం లేవగానే చూసే శరీర ఉష్ణోగ్రత విడుదల తర్వాత కొంచెం పెరుగుతుంది. అంటే అది జరిగిపోయాకే తెలుస్తుంది. రంజాన్‌లో సహరీకి లేవడంతో ఈ లెక్క తప్పొచ్చు.
* మెడికల్ షాపులో దొరికే ఓవ్యులేషన్ స్ట్రిప్ మూత్రంలో ఎల్‌హెచ్‌ను చూపిస్తుంది. పీసీఓఎస్ ఉన్నవారికి తప్పుగా చూపే అవకాశం ఉంది.
* ఫోన్ యాప్ పాత నెలల్ని బట్టి అంచనా మాత్రమే వేస్తుంది.

పాలిచ్చే తల్లులకు నెలసరి తిరిగి రాకముందే అండం విడుదల కావచ్చు. అందుకే “ఇంకా పీరియడ్స్ రాలేదు” అనుకుంటుండగానే మళ్లీ గర్భం రావచ్చు. బిడ్డల మధ్య ఎడం కావాలనుకునేవారు ఈ లెక్క ఒక్కదాన్నే నమ్ముకోకుండా డాక్టర్ సలహా తీసుకోవాలి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

కలిసి ఉంటూ ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే వెళ్లాలి. భార్య వయసు 35 దాటితే ఆరు నెలలు చాలు. నెలసరి 21 రోజులకన్నా ముందే లేదా 35 రోజులు దాటి వస్తుంటే, పూర్తిగా ఆగిపోతే, భరించలేని నొప్పి ఉంటే, గతంలో టీబీ వచ్చి ఉంటే అంతకాలం ఆగకూడదు. భర్తకు వృషణాల ఆపరేషన్ అయినా, పెద్దయ్యాక గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాచినా ముందే చెప్పాలి.

పరీక్ష ఇద్దరికీ జరగాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమి ఎదురవుతుంది. అందులో మగవారి కారణాలూ పెద్ద భాగమే. నెలసరి క్రమంగా వచ్చే భార్యకు నెలల తరబడి మందులు వాడి, భర్తకు ఒక్క పరీక్ష కూడా చేయించకపోతే డబ్బూ, కాలమూ రెండూ పోతాయి.

వీర్య పరీక్ష తేలికైనది, సూది అవసరం లేదు. రెండు నుంచి ఏడు రోజులు కలయికకు దూరంగా ఉండి శాంపిల్ ఇవ్వాలి. శాంపిల్ ఇచ్చే పద్ధతి విషయంలో దీనీ సంకోచం ఉన్నవారు ల్యాబ్‌లో ముందే అడగొచ్చు. భార్యతో కలయికలోనే సేకరించేందుకు ప్రత్యేకమైన కండోమ్‌లు ఉంటాయి. మామూలు కండోమ్ పనికిరాదు, శాంపిల్ గంటలోపు ల్యాబ్‌కు చేరాలి.

గర్భం కోసం ప్రయత్నిస్తున్న మహిళ రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ముందునుంచే వేసుకోవడం మంచిది. షుగర్, థైరాయిడ్ ఉన్నవారు ముందుగా డాక్టర్‌ను కలవాలి. మొదటిసారి వెళ్లేటప్పుడు ఆరు నెలల నెలసరి లెక్క రాసిన కాగితం తీసుకెళ్లాలి. భర్త కూడా వెంట వెళ్లాలి.