అడ్డపొగయు, ఇంటింటి లెక్కలును

ఉగాది సంచికకు ఏదైనను చరిత్ర విషయము వ్రాసి యిమ్మని మన సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు, మేము కృష్ణదేవరాయలను గురించియో, బెంగుళూరు కోటను గురించియో వ్రాయుదుమని వారు అనుకొని యుందురు. మేము రైల్వేలో గుమాస్తాపని చేయువారము. మెట్రిక్యులేషనుతో చదువు ముగిసినది. రాజుల చరిత్ర వ్రాయగలవారు మన సంఘములోనే పలువురున్నారు. మేము మాత్రము మా అమ్మమ్మ త్రాగిన చుట్ట చరిత్ర వ్రాయదలచితిమి. పండుగపూట రోగముల మాట యేలయని పాఠకులు కోపగించుకొనరాదని మనవి.

శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చిన కుటుంబములకు అడ్డపొగ యననేమో చెప్పనక్కరలేదు. రాయలసీమనుండియు, తెలంగాణమునుండియు వచ్చినవారికొరకు చెప్పుచున్నాము. చుట్ట వెలిగించి, నిప్పున్న కొనను నోటిలోపల పెట్టుకొని, పెదవులు బిగించి పీల్చుటకే అడ్డపొగ యని పేరు. సముద్రపు గాలికి చుట్ట ఆరిపోదు. చంకలోని పసిబిడ్డమీద నిప్పురవ్వ పడదు. ఒక చుట్ట చాలసేపు వచ్చును. నాట్లు వేయుచునో, చేపలబుట్ట మోయుచునో రెండు చేతులకును పనియున్న ఆడుదానికి ఇంతకంటె అనుకూలమైన పొగ లేదు. అందుచేతనే కాబోలు, ఈ అలవాటు మగవారిలోకంటె ఆడవారిలోనే ఎక్కువ. మా అమ్మమ్మ దీనిని తన తల్లివద్ద నేర్చినది. తల్లి చుట్ట వెలిగించి తెమ్మని పొయ్యివద్దకు పంపెడిదట. దారిలో రెండు పీల్పులు పీల్చుటతో చదువు మొదలైనది. "అడ్డపొగ నేకుంటే పొద్దు కదలదురా బాబూ" అనెడిది.

నిప్పు నోటిలోపల నున్నప్పుడు వేడియు, పొగయు తిన్నగా తగులునది అంగిలికి. గట్టి అంగిలిమీద పుట్టు క్యాన్సరు లోకములో అరుదైనది. మన ఉత్తరకోస్తాలో మాత్రము అది అరుదు కాదు. మన పెద్దలు దానిని రాచపుండు అని, కర్మఫలమని ఊరకుండిరి. 1957లో డి. గోవిందరెడ్డి, వి. కె. రావు అను వైద్యులు ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ సైన్సెస్ అను పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. కోస్తా ఆంధ్రలో అంగిలి క్యాన్సరునకు, నిప్పును నోటిలోపల పెట్టి చుట్ట త్రాగుటయే కారణమని ఆ వ్యాసము పేరులోనే చెప్పివేసిరి. పిమ్మట 1960లో గోవిందరెడ్డిగారును, వారి సహచరులును పొగాకు తారును, వేడిని కలిపి జంతువులమీద ప్రయోగము చేసి, ఆ ఫలితమును అమెరికా పత్రికలో వ్రాసిరి.

సీమలో ఇట్టి పని అంతకుముందే జరిగినది. డాల్, హిల్ అను ఇద్దరు 1950లో ఊపిరితిత్తుల క్యాన్సరునకును, సిగరెట్టుకును గల సంబంధమును చూపిరి. 1951లో ఆ దేశపు వైద్యులందరికిని పోస్టులో ప్రశ్నలు పంపిరి; సుమారు నలుబదివేలమంది జవాబులు వ్రాసిరి. పోస్టుకార్డు వ్రాయించుకొనుటకును పొరుగింటి పిల్లవానిని బ్రతిమాలుకొను మా అమ్మమ్మవంటివారికి ప్రశ్నలపత్రము పంపిన ఏమి లాభము? పోనీ ఆస్పత్రి రిజిస్టరు చూచి లెక్కకట్టుదమన్న, ఆస్పత్రికి రాగలిగినవారే గదా అందులో నుందురు. మా ఉద్యోగపు మాటలో చెప్పవలెనన్న, స్టేషను లెక్క ఎన్ని టిక్కెట్లు అమ్ముడైనవో చెప్పునుగాని, టిక్కెట్టు కొనలేక కాలినడకను పోయినవారెందరో చెప్పదు. పేదదేశములలో రోగమును గురించి నిజము తెలియవలెనన్న తలుపు తట్టవలసినదే.

ఆ తలుపు తట్టుట 1966లో మొదలైనది. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చి అనినంతనే అణువిజ్ఞానము జ్ఞప్తికి వచ్చును. అందులోనే దంతవైద్య పరిశోధనకు ఒక చిన్న విభాగముండెడిది. దానిని నడిపిన ఫాలీ మెహతాగారును, డెన్మార్కు దేశస్థుడైన పిండ్‌బోర్గుగారును, మరికొందరును కలిసి 1969 వరకు దేశములోని ఐదు జిల్లాలలో ఇంటింటికిని తిరిగి 50,915 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించిరి. ఆ ఐదింటిలో మన శ్రీకాకుళము ఒకటి. అక్కడ చూచినవారు 10,169 మంది. ఆ ఫలితము 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్ పత్రికలో వెలువడినది. నూటికి 43.8 మంది అడ్డపొగవారు! అంగిలిమీద తెల్లమచ్చలు, ఎర్రదనము, పుండ్లు ఎట్లెట్లు వచ్చునో వరుసగా వ్రాసిరి.

ఇంతటితో పుస్తకము మూసివేసియుండిన మేము ఈ వ్యాసము వ్రాయకపోదుము. వారు ఏటేట మరల వచ్చి అవే నోళ్లు చూచిరి. పదియేండ్లు గడచిన పిమ్మట ఇంకొక పని పెట్టుకొనిరి. శ్రీకాకుళములోను, కేరళలోని ఎర్నాకుళములోను, గుజరాతులోని భావనగరులోను సుమారు 36,000 మంది పొగాకు వాడువారిని ఎన్నుకొని, నోరు చూచుటతోపాటు పొగాకు మానుడని మనిషి మనిషికిని చెప్పిరి. సినిమాలు చూపిరి, గోడపత్రికలు అంటించిరి. ఐదేండ్లపిమ్మట, ఇట్లు చెప్పనినాటి లెక్కతో పోల్చి చూడగా, మానినవారు పెరిగిరి, క్రొత్తగా తెల్లమచ్చలు వచ్చుట తగ్గినది. 1986లో ఇది లాన్సెట్ పత్రికలో వచ్చినది. గుడ్డిదీపముల వెలుగులో చదువురాని ముసలమ్మలకు చెప్పిన మాట పనిచేసినదని లోకమునకు ఋజువైనది. మాకు ఒక్కటే కొరత. ఆ వ్యాసములన్నియు ఇంగ్లీషులో నున్నవి. లెక్క ఇచ్చినవారి మనుమలమైన మేము ఈ సంగతిని పరదేశమందు, ముప్పది దాటిన పిమ్మట తెలిసికొంటిమి.

ఇక మన బెంగుళూరు సంగతి. హోసూరు రోడ్డుమీద కిద్వాయి ఆస్పత్రియు, నిమ్హాన్సును ప్రక్కప్రక్కనే యున్నవి. మొదటిది 1973లో ఏర్పడినది, క్యాన్సరుకు. రెండవది మెదడునకు, నరములకు, మనస్సునకు. పాత పిచ్చాస్పత్రిని, 1954లో పెట్టిన అఖిలభారత సంస్థను కలిపి 1974లో ఏర్పరచినారు. ఆ రెండు గేట్లముందర ఏ ఉదయము నిలుచున్నను తెలుగు మాట వినబడును. అనంతపురము, చిత్తూరు జిల్లాలవారు మొదలు మా ఉత్తరాంధ్రవారివరకు, ప్లాస్టికు సంచిలో ఎక్స్‌రేలు పట్టుకొని వచ్చుచుందురు.

ఈ రెండు చోట్లనుండియు ఆ తలుపు తట్టు విద్యయే నడచినది. బొంబాయిలో 1963లో మొదలైన క్యాన్సరు రిజిస్ట్రీ పద్ధతిని వైద్యపరిశోధన మండలి 1981లో ఇతర నగరములకు వ్యాపింపజేసినప్పుడు, బెంగుళూరు రిజిస్ట్రీ కిద్వాయిలో నెలకొన్నది, 1982నుండి లెక్క. ఫలానావానికి క్యాన్సరు వచ్చినదని ఆస్పత్రులు తమంతట తెలుపవలెనను నిర్బంధము అప్పుడు లేదు గనుక, రిజిస్ట్రీ ఉద్యోగులే ఆస్పత్రి తరువాత ఆస్పత్రి తిరిగి, కార్పొరేషను మరణముల పుస్తకమువరకు చూచి, ఒకే మనిషి రెండుమారులు పడకుండ పేరు పేరు సరిపోల్చి వ్రాసికొనవలెను. ఖానాలు నింపి, కూడికలు తప్పి, రాత్రి పదింటివరకు వెదకిన గుమాస్తాకే ఆ శ్రమ యెట్టిదో తెలియును.

నిమ్హాన్సువారు 1993 మొదలు 1995 వరకు బెంగుళూరులోను, చుట్టుపట్ల పల్లెలలోను ఇంటింటికిని పోయి 1,02,557 మందిని విచారించిరి. గౌరీదేవిగారు, గురురాజుగారు, సతీశ్‌చంద్రగారు మున్నగువారు ఆ పనిలో ముఖ్యులు. మూర్ఛరోగము వేయిమందిలో సుమారు తొమ్మండుగురికి కనబడినది. చిత్రమేమనగా పట్టణములో వేయికి 5.7, పల్లెలో 11.9. రోగము పల్లెలో రెండింతలు. వైద్యులు మాత్రము పట్టణములో! డాక్టరు కె. ఎస్. మణిగారు ఈ చిక్కును మరియొక దారిని విప్పజూచిరి. మైసూరు వైపున యళందూరు ప్రాంతములో మూర్ఛరోగులను వెదకి పట్టి, వారివద్దకే ఫినోబార్బిటాలు, ఫెనిటోయిను అను పాత, చవుక మందులు చేర్చిరి. మొదటిది 1912నాటి మందు. అట్టి మందులతోనే పల్లెలో మూర్ఛను అదుపులో నుంచవచ్చునని 2001లో లాన్సెట్ పత్రికలో వ్రాసిరి. దయ్యము పట్టినదని వాతలు పెట్టించుకొన్న పిల్లలు మన పల్లెలలోను ఎందరుండిరో పెద్దవారికి తెలియును.

చివరకు మా యింటి సంగతి చెప్పక తప్పదు. 2014లో మేము అమ్మమ్మను బెంగుళూరు తెచ్చుకొంటిమి. క్వార్టర్సులో ఇరుగుపొరుగు కన్నడిగులును, తమిళులును. ముసలమ్మ నిప్పు మ్రింగుచున్నదని పిల్లలు గుమిగూడి చూచెడివారు. మాకు సిగ్గు వేసినది. వెనుకవైపు నీళ్లతొట్టి ప్రక్కన కూర్చుండి త్రాగుమంటిమి. అతిథులు వచ్చిననాడు అసలు వద్దంటిమి. మానుమని మాత్రము ఎన్నడును అనలేదు. తరువాతి యేడు కారపు కూర నోటికి మండుచున్నదన్నది. మందులషాపులో పూతమందు కొని తెచ్చితిమి. నాలుగు నెలలు అదే పూసినాము. చుట్ట దాచుకొమ్మన్న మనుమనికి పుండు చూపుటకు ఆమెకును సిగ్గే. ఆస్పత్రికి తీసికొనిపోవునప్పటికి అంగిలికి రంధ్రము పడినది. 2016 కార్తికములో పోయినది. లాంతరు పట్టుకొని పరాయి దేశస్థుడు మా జిల్లాలో పదివేల నోళ్లు చూచినాడు. మేము ఇంటనున్న ఒక్క నోరు చూడలేదు.

ఈ పండుగకు మా పిన్ని ప్రశాంతి ఎక్స్‌ప్రెసులో వచ్చినది. ఆమెదియు అడ్డపొగయే. వచ్చిన రెండవనాడు మొబైలు ఫోను దీపము వెలిగించి నోరు తెరువుమన్నాము. "ఏటి బాబూ ఈ పరాసికాలు" అని నవ్వి, కొంగు అడ్డము పెట్టుకొన్నది. మా ఇల్లాలు నచ్చజెప్పగా తెరచినది. అంగిలినిండ తెలుపు, నడుమ రెండుచోట్ల ఎరుపు. మానినవారికి ఇట్టి మచ్చలు తగ్గుటయు శ్రీకాకుళపు లెక్కలలో నున్నదని చెప్పితిమి. చుట్టల కట్ట మా చేతి కిచ్చినది. వేరొక కట్ట సంచిలో నున్నదని మా అనుమానము. ఈ వ్యాసము అచ్చునకు ఇచ్చునాటికి ఆమె మా యింటనే యున్నది. సోమవారమునకు సెలవు పెట్టితిమి. ఏడుగంటలకే క్యూలో నిలువవలెనట.